మూడు నిమిషాలు

నాకిచ్చింది మూడు నిమిషాలు.
ఒకటి మైకు సరిచేయడానికే పోయింది.

నా పేరు నరమందాఖ్. జావ్‌ఖాన్‌లో నర్సుని.
మా చిన్నప్పుడు బడిలో
ఒకే సూది వరసగా అందరి చేతుల్లోకీ దిగేది.
ఏడవనివాళ్ళకి ఎండిన పెరుగు ముక్క.
నేను ఏడవలేదు. తమ్ముడూ ఏడవలేదు.
వాడి లివరు నలభై ఒకటో ఏట రాయైపోయింది.

మీ కాగితంలో ముప్పై ఏడో పద్దు:
హెపటైటిస్, హెచ్‌ఐవి. ఎదురుగా
'వచ్చే ఏడు చూద్దాం.'
వచ్చే ఏడు అనే మందు
నా పెట్టెలో లేదండీ.

పుట్టిన రోజే వేయాల్సిన టీకా
మైనస్ ముప్పైలో గడ్డకట్టకుండా
కోటు లోపల, పొట్టకి ఆనించుకుని మోస్తాను,
కడుపుతో ఉన్నదాన్లా నడుస్తూ.

ఒక లారీ డ్రైవరు అర్ధరాత్రి వస్తాడు పరీక్షకి,
బండి లైట్లు మలుపు దగ్గరే ఆర్పేసి.
పేరు అడగను.
మీరూ అడగొద్దు.
ఆ ఒక్క ముక్క చట్టంలో రాయండి.
మందుకి డబ్బు రాయండి, దారి ఖర్చుతో సహా.
గుర్రానికీ గడ్డి కావాలి.

ఎర్ర దీపం వెలిగింది, చూశాను.

చైర్మన్ గారూ,
మీరూ నా ఈడువారే కదా.
ఆ రోజు బడిలో ఏడ్చారా,
పెరుగు ముక్క తిన్నారా?
మీ రక్తం ఎప్పుడైనా చూపించుకున్నారా?