ఐసు బరువు

భోగాపురంలో, టైర్ల కొట్టు మీది మేడగదిలో
ఐదు కంపెనీలకు ఏడు కుర్చీలు.
నేను గుమ్మం దగ్గర స్టూలు మీద,
మినిట్స్ పుస్తకం ఒళ్లో.

పీతల పెట్టె, నంబరు రెండువందల పదకొండు.
ఒడ్డున ముప్ఫై నాలుగు కిలోలు,
గోదాములో ముప్ఫై మూడు,
విమానం కడుపులోకి వెళ్లేసరికి ముప్ఫై ఒకటిన్నర.
తెర ఒకటే. అంకెలు మూడు.
ఏదీ అబద్ధం కాదు, అదే చిక్కు.

"మా అంకె మీరెలా దిద్దారు?" అన్నాడు ఏజెన్సీ తవిటినాయుడు.
"దిద్దలేదు, సరిచేశాం" అంది విమానాల తరఫున వచ్చిన హేమసుందరి.
ఆ రెండు మాటల మధ్య
టీ మూడుసార్లు వచ్చింది.

కరిగిన ఐసు ఎవరి ఖాతా?
ఎవరూ తమదనలేదు.
"నీళ్లకి బిల్లేటి బాబూ!" అని
లారీల గున్నయ్య నవ్వాడు.
ఆ నవ్వు నేను రాయలేదు.

మా ముక్కాం ఒడ్డున పెద్దవల లాగే రోజుల్లో
వాటాలు పైకే చెప్పేవారు:
వలకింత, పడవకింత, తాడు పట్టిన చేతికింత.
సగం మాటలు గాలికి పోయినా
మిగతా సగానికి నలభైమంది సాక్షులు.
న్యాయమనుకోకండి.
వల ఎవరిదో వాడిదే పెద్ద గంప.
మా అమ్మ ఎనిమిదో నెల కడుపుతో తాడు లాగితే
అర వాటా అన్నారు.
అదీ పైకే అన్నారు గనక
ఏ నోరు అందో ఈనాటికీ చెప్పగలదు.

ఐదో నిబంధన దాకా సాఫీగానే వచ్చాం.
ఎవరి ధర వాళ్లకే కనబడాలి, సరే.
బరువు అందరికీ కనబడాలి, సరే.
దిద్దినవాడి పేరు కనబడాలా?
అక్కడ ఫ్యాను చప్పుడు వినిపించింది.
"కంపెనీ పేరు చాల్దా" అన్నారెవరో.
"కంపెనీకి వేళ్లుంటాయేటి?"
నోరు జారింది నాది.
మినిట్స్ రాసే మనిషి మాట్లాడకూడదని
నాలుగో నిబంధన. నా చేత్తోనే రాశాను.

గున్నయ్య ఈసారి నవ్వలేదు.

వచ్చే మంగళవారానికి వాయిదా.
కప్పులు ఏరుతూ చూశాను:
రెండువందల పదకొండు ఇంకా తెర మీద
ఎర్రగా మిణుకుతోంది.
పీతలు ఈపాటికి ఏ ఊళ్లోనో దిగిపోయుంటాయి,
కాళ్లకు మా వాళ్లు కట్టిన పురికొసతోనే.

ఆరో నిబంధన పక్కన నాలుగు గీతలు ఖాళీ వదిలి
అడుగున సంతకం పెట్టాను,
పొడి అక్షరాలు కాదు, పూర్తిగా:
రాసినది సూరాడ నూకరత్నం.