తువ్వాలు కింద

మా అమ్మమ్మ దీనమ్మకి
మిర్చి యార్డులో ఏదైనా సూటిగానే చెప్పేవాళ్ళు.
"ఆడకూలి సగం."
"కాటా దగ్గరికి రాకు."
"నీళ్ళు దోసిట్లో పట్టు."
రోజంతా తొడిమలు తీసి
రాత్రి చేతులు మజ్జిగలో ముంచుకుని
అన్నవాణ్ణి పేరు పెట్టి తిట్టేది.
తిట్టడానికి ఒక పేరుండేది ఆమెకి.

ధర అప్పట్లో తువ్వాలు కింద తేలేది.
ఇద్దరు మగాళ్ళు చేయీ చేయీ కలిపి
పైన తువ్వాలు కప్పి
వేళ్ళతో బేరం.
ఎన్ని మడిచారో, ఎన్ని చాపారో
వాళ్ళిద్దరికే తెలుసు.
గుడ్డ మాత్రం కదిలేది,
సంచిలో పిల్లిపిల్ల ఉన్నట్టు.

ఇప్పుడు ఈ-టెండరు, తెర మీద అంకెలు.
నేను కొనుగోలుకి వెళ్తే
గుమాస్తా వీరరాఘవులు కుర్చీ తుడుస్తాడు.
"మేడమ్‌కి కూల్‌డ్రింకు చెప్పరా.
ఈ ఘాటులో మీరెందుకండీ,
ఫొటో పెడతాం కదా వాట్సాప్‌లో."
కాయ విరిచి, గింజ చూసి
తేమ పన్నెండు దాటిందంటే
"భలే పట్టేశారే మేడమ్!"
చిన్నపిల్ల పదమూడో ఎక్కం అప్పజెప్పినట్టు.
మెచ్చుకుని,
నా వెనకున్న డ్రైవరు బాజీ వైపు తిరిగి
"ఏమంటావ్ బాబూ, ఖాయం చేద్దామా?"

బాజీకి తేజాకీ బాడిగకీ తేడా తెలీదు పాపం.
అతను నా వైపు చూస్తాడు.
నేను టిక్కీల వైపు చూస్తాను.

కోపం తెచ్చుకుందామంటే
ఎవరి మీద?
"మా అమ్మాయి మీలా అవ్వాలండీ" అంటాడు వీరరాఘవులు,
నిజంగానే అంటాడు.
ఆరింటికి
"చీకటి పడుతోంది, బయల్దేరండి" అని గేటు దాకా వస్తాడు.
నా కారు ఏటుకూరు రోడ్డెక్కాక
టీకొట్టు బల్ల దగ్గర
అసలు మాట మొదలవుతుంది.
పొద్దున నాకు తెలిసేది
అయిపోయిన ధర.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక
అమ్మమ్మకి చెప్పానిదంతా.
చాలాసేపు ఏమీ అనలేదు.
"మర్యాదగానే చూస్తున్నారుగా?"
"ఆఁ. చాలా."

పైటకొంగు తీసి
నా చేతి మీద కప్పింది.
కింద నా వేళ్ళు వెతికి పట్టుకుని
ఒకటి మడిచింది, రెండు నొక్కింది,
బొటనవేలితో అరచేతిలో గీత గీసింది.
గుడ్డ కదిలే తీరుని బట్టి
దూరం నుంచే నేర్చుకుందట ఆ రోజుల్లో.
ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"ఎంతో చెప్పు," అంది.