ఎర్ర అట్ట

నాకిచ్చిన పని చిన్నది.
మూడు అట్టముక్కలు: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.
ఐదు నిమిషాలు. ఒక నిమిషం. ఇక చాలు.
ముందు వరసలో కూచుని
పెద్దపెద్ద పండితుల ముఖాలకెదురుగా ఎత్తి పట్టుకోవాలి.
పరిశోధన రెండో ఏట ఉన్నదానికి
అంతకంటే అధికారం ఎవరిస్తారు?

థెస్సలొనికి, నవంబరు, మూడో రోజు మధ్యాహ్నం.
బయట సముద్రం మీద పొగమంచు
ఓడల్ని ఒక్కొక్కటే చెరిపేస్తోంది.
లోపల యూదు అధ్యయనాల సదస్సు, ఆరో సమావేశం,
పదకొండు మంది శ్రోతలు, అందులో ఇద్దరు నిద్రలో.
మెడల్లో పేర్ల బిళ్లలు. కొన్ని తిరగబడి
ఎవరివీ కానట్టు తెల్లగా వేలాడుతున్నాయి.

మాంట్రియల్ నుంచి వచ్చిన జెల్డా వినోగ్రాడ్
తెర మీద ఒక పేజీ వేసింది.
లదీనో భాష. తీగలు సాగిన చేతిరాత.
ఎవరో ఇల్లాలు రాసుకున్న పద్దు.
పిండి రెండు ఓకాలు. నువ్వుల నూనె. నల్లదారం.
చెప్పుల మరమ్మతు, బాకీ.
ఆ కింద ఒక మాట, ఎవరికీ కొరుకుడుపడనిది.

"కొవ్వొత్తులు" అంది జెల్డా.
"గురువారం పద్దు. మర్నాడు పొద్దుగూకితే సబ్బాతు. ఇంకేమవుతుంది?"
బుడాపెస్ట్ మనిషి తమాష్ రేవేస్
కళ్లద్దాలు నుదుటికెక్కించి "తాళాలు" అన్నాడు.
"ఆ మొదటి అక్షరం తోక చూడండి."
ఆ తోక పట్టుకుని ఇద్దరూ ఏరు ఈదబోయారు.
ఆ ఇంట్లో ఉన్నది పండగా, భయమా
అన్నంత లోతుకు పోయింది వాదన.
నేను ఆకుపచ్చది ఎత్తాను.
పసుపుది ఎత్తాను.
చూసినవాళ్లు లేరు.

అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.
మెడలో బిళ్ల లేదు. ప్రవేశం ఉచితమని
తలుపు మీద చదివి లోపలికొచ్చిందట,
జోయా బెన్‌రూబి, తొంభై దాటిన మనిషి.
"మీ ప్రశ్న?" అంది అధ్యక్షురాలు మర్యాదగా.
"ప్రశ్నేం లేదు.
అది మాట కాదమ్మా.
సిరా దిగుతోందో లేదో గీసి చూసుకుంది.
మా అమ్మ కూడా అంతే, పేజీకొకసారి గీసేది.
దిగకపోతే పాళీని నాలిక్కి తాకించేది.
ఎప్పుడూ కింది పెదవి మీద ఒక నీలం చుక్క."

నిద్రపోతున్న ఇద్దరూ లేచారు.
రేవేస్ అడగబోయాడు: "మీ అమ్మగారి పుస్తకం..."
అక్కడే ఆగిపోయాడు.
ఆమె చేతిసంచిలో చాలాసేపు వెతికింది.
రుమాలనుకున్నాను. కళ్లద్దాలు.
పెట్టుకుని మళ్లీ తెరకేసి చూసి
"దారానికి మరీ ఎక్కువ పోసింది" అంది,
"మోసపోయింది, పాపం."
అందరూ నవ్వారు. జెల్డా మాత్రం
తన పదిహేడో పేజీని అడ్డంగా కొట్టేసుకుంది.

సమయం మించి తొమ్మిది నిమిషాలు.
ఈ విశ్వవిద్యాలయం ఏ శ్మశానం మీద లేచిందో
ఇక్కడ చదివినవాళ్లందరికీ తెలుసు.
తెలియనట్టు నడవడమూ ఇక్కడే నేర్చుకుంటాం.
సమాధిరాళ్లు ఏ గోడల్లోకి, ఎవరి మెట్లలోకి పోయాయో
పూర్తిగా రాసిపెట్టిన పద్దు నేనెక్కడా చూడలేదు.
ఎర్ర అట్టను ఒళ్లో బోర్లించాను.

కాఫీ దగ్గర జున్ను రొట్టెలు చల్లారిపోయాయి.
ఆమె ఒకటి కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది,
ఇంకోటి నా చేతిలో పెట్టింది.
"ఎర్రది ఎప్పుడెత్తుతావా అని
నీకేసే చూస్తూ మాట్లాడాను" అంది.
ఏమనాలో తెలియక రొట్టె కొరికాను.

రాత్రి నివేదిక నింపాలి.
ఆరో సమావేశం. ఆలస్యం: తొమ్మిది నిమిషాలు. కారణం:
కలం ఆడలేదు.
అంచున గీశాను. దిగింది.
కారణం దగ్గర ఖాళీ వదిలేసి
ఏడో సమావేశానికి పోయాను.