పదిహేడు కిలోలు

లియెపాయా రేవులో ధాన్యం లారీలు తూచే ప్రోగ్రాముకి
పంతొమ్మిదేళ్లుగా ఎవరూ తిరగెయ్యని వివరణలున్నాయి.
వాటికి లంకెలు వెయ్యమన్నారు నన్ను.
నాలుగు వేల పేజీలు.
నాకున్నవి రెండే చేతులు, అందులో ఒకటి కాఫీది.

అందుకని ఒక చిన్న యంత్రాన్ని రాశాను.
వ్యాఖ్యల్లో మాట కనబడగానే
ఆ పేరుతో ఫంక్షను ఎక్కడుందో వెతుకుతుంది,
ఉంటే మాట కింద నీలి గీత గీసి
ఇక్కణ్ణుంచి అక్కడికి దారి వేస్తుంది.

మొదటి రాత్రి దాని నిర్వాకం చూడాలి!
పేర్లన్నీ లాత్వియన్‌లోనే పెట్టుకున్న పాత కోడు,
ఏది పేరో ఏది ఉత్త మాటో దానికేం తెలుసు?
"ఆగు" అని ఒక ఫంక్షను ఉంది,
ముప్ఫై సెకన్లు ఊరుకుంటుంది, అంతే దాని పని.
ఇక కనబడ్డ ప్రతి "ఆగు"కీ నీలం పులిమేసింది.
"కొంచెం ఆగు, మంచింకా కరగలేదు" అని
ఏ మార్చి నెలలోనో తాలివాల్దిస్ రాసుకున్న వాక్యాన్ని నొక్కితే
ముప్ఫై సెకన్లలో వసంతం.

విజ్మా నా భుజం మీంచి చూసి నవ్వింది:
"మా అమ్మమ్మా ఇంతే,
ట్రాములో ఎవరు పక్కన కూర్చున్నా చుట్టరికం కలిపేసేది."

బుద్ధులు నేర్పాను.
బ్రాకెట్లుంటేనే పేరు, లేకుంటే మాట.
ఒకే పేరు రెండిళ్లకుంటే దగ్గరింటికి వెళ్లు.
నీ గుమ్మం నుంచి నీ గుమ్మానికే దారి వెయ్యకు.
మనిషి పేరులా కనబడి, ఎక్కడికీ చేరకపోతే
దాచకు, చెప్పు.

తెల్లారేసరికి ఎర్ర అక్షరాల్లో ఒకే ఒక్క వరస:
అవుస్మా దొరకలేదు.

వెళ్లి చూస్తే, ఆ వ్యాఖ్య ఇది:
"బరువుకి పదిహేడు కలుపు. ఎందుకో అవుస్మాకి తెలుసు."

కాలవ పక్క బజార్లో దొరికింది అవుస్మా,
పొగబెట్టిన చేపలమ్ముతూ.
ఒకప్పుడు కాటా గదిలో ఉండేదట.
చేతులు తుడుచుకుని, ఆకాశం వైపు చూసి గుర్తు చేసుకుంది:
"ఆ ఏడు కాటా కింద మంచు గడ్డకట్టింది.
ఏ లారీ ఎక్కినా పదిహేడు కిలోలు తక్కువ చూపేది.
కరిగాక తీసెయ్యవయ్యా అన్నాను తాలివాల్దిస్‌తో.
ఆగు, ఇంకా కరగలేదన్నాడు."
చేప తూచింది మాకు.
ముల్లు నిలిచేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు.

దారంతా విజ్మా వేళ్ల మీద లెక్కలు వేసింది:
రోజుకి ఎన్ని లారీలు, ఏడాదికి ఎన్ని రోజులు,
మంచు కరిగాక కూడా కలిపిన పదిహేడులు ఎన్ని,
ఎవరి డబ్బు ఎవరికి పోయినట్టు?
ఆఫీసుకొచ్చి, కోటు కూడా విప్పకుండా
ఆ వరస చెరిపెయ్యబోయాను.

పేజీ అడుగున, రాత్రి యంత్రం కొత్తగా పెట్టిన జాబితా:
ఈ బరువుని వాడుకునే చోట్లు.
ఒకటే ఉంది. తొమ్మిది ఫోల్డర్లవతల, బిల్లులు రాసే గదిలో.
నొక్కాను.

"పదిహేడు తీసెయ్.
ఎందుకో తెలీదు. ఇలా అయితేనే లెక్క కుదురుతోంది."
కింద సంతకం లేదు. తేదీ మాత్రం ఉంది,
అదే ఏడు, జూన్ నెల.

తీగ లాగితే డొంక కదులుతుందంటారు,
ఇక్కడ డొంకలో ఇద్దరు మనుషులు.
ఒకరు కలుపుతూ, ఒకరు తీస్తూ,
ఒకరి మొహం ఒకరు చూడకుండా
పంతొమ్మిదేళ్లు ఊరి లెక్క తప్పనివ్వలేదు.

రెండూ ఒకేసారి తీసెయ్యాలి, విడిగా ముట్టుకోకూడదు
అంది విజ్మా. నిజమే.
సోమవారం తీసేద్దామన్నాను.
ఇవాళ శుక్రవారమేగా, ఇప్పుడే చేద్దామంది.

ఉండనీ ఈ రెండ్రోజులూ,
మధ్యాహ్నమే కదా పరిచయమైంది వాటికి.