ఆరో నంబరు దరఖాస్తు

మంగళవారం సాయంత్రం ఆరున్నర.
ఫైర్ స్టేషన్ మేడమీద సమావేశం,
టౌన్‌హాల్ బాయిలర్ మళ్ళీ మొరాయించింది కనుక.
అయిదుగురు సభ్యులు, ఒక మేయరు,
కోట్లు విప్పని పదకొండు మంది జనం,
మినిట్స్ రాసే నేను.

మొదట మంచు తీసే కాంట్రాక్టు.
పోయినేటి రేటుకే చేస్తానని
డ్వేన్ హోల్‌క్విస్ట్ ఉత్తరం పెట్టాడు.
అడుగున చిన్న అక్షరాల్లో: డీజిల్ ఖర్చు వేరే.
ఆ చిన్న అక్షరాల మీద నలభై నిమిషాలు.

తర్వాత లైబ్రరీ శనివారాలు.
శనివారం పూట ఎవరొస్తారని అడిగాడు మేయరు.
వెనక వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది.
దించమని ఎవరూ చెప్పలేదేమో,
ఆ అంశం ముగిసేదాకా అలాగే ఎత్తి ఉంచింది.
శనివారాలు మిగిలాయి, ఒంటిగంట దాకా.

ఎనిమిది దాటాక ఇళ్ళ మరమ్మతుల నిధి.
రాష్ట్రం పంపింది అరవై రెండు వేల డాలర్లు.
దరఖాస్తులు తొమ్మిది.
డబ్బు నాలుగిళ్ళకి, గట్టిగా లాగితే అయిదింటికి.
దుప్పటి పొట్టిదైతే
కాళ్ళు ముడుచుకోవాల్సింది ఎవరన్నదే లెక్క.

పేర్లు బయటపడకూడదని నియమం.
నంబర్లు నేనే వేశాను, నా చేత్తో.
పన్నెండొందల గడపల ఊళ్ళో
నంబరు చాటున ఎవరు దాక్కోగలరు?
"రెండు: ఫర్నేసు చచ్చిపోయింది,
ఓవెన్ తలుపు తెరిచి వంటగదిలో పడుకుంటున్నారు"
అని చదివానో లేదో
నాలుగు తలలు ఒకే కిటికీ వైపు తిరిగాయి.
అక్కణ్ణించి ఆ ఇల్లు కనబడుతుంది.

ఇల్లు కట్టి చూడమన్నారు.
కట్టిన ఇంట్లో యాభై చలికాలాలు
ఉండి చూడమని ఎవరూ అనలేదు.

"ఆరు: వెనక వసారా కుంగింది,
మెట్లు గోడ విడిచి బెత్తెడు జరిగాయి,
ఒంటరి మనిషి, వయసు డెబ్బై తొమ్మిది.
ముందు తలుపు మంచుకి బిగుసుకుంటే
బయటికి దారి ఇదొక్కటే."

థర్మన్ స్కార్ అప్పటిదాకా అన్నిటికీ వద్దన్నాడు.
పన్ను కట్టేవాడి జేబు గురించి మాట్లాడుతూ
ప్రతిసారీ తన జేబే తడుముకున్నాడు.
ఆరో నంబరు దగ్గర మాత్రం ఫోటో అడిగాడు.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
వాసన చూస్తున్నాడా అన్నంత దగ్గరికి తెచ్చుకున్నాడు.
"ఈ మేకులు," అన్నాడు.
ఆ తర్వాత మాట లేదు.
హీటరు ఒక్కటే టకటకమంది.

మా నాన్నది హార్డ్‌వేర్ కొట్టు.
పద్దు పుస్తకాలు ఇంకా మా అటకమీదే ఉన్నాయి.
ఒకనాటి జూన్ నెల కింద, పెన్సిలుతో:
స్కార్ కుర్రాడు, మామూలు మేకులు, పది పౌన్లు.
ఆ వేసవి ఇర్మా లోఫ్‌గ్రెన్‌కి వసారా కట్టి
తుప్పు పట్టని మేకులకి బిల్లు వేశాడు.
వడ్రంగంలో అది అతని మొదటి సంపాదన.
మా నాన్న ఎవరికీ చెప్పలేదు.
పద్దు మాత్రం చెరపలేదు.

"ఒక సవరణ," అన్నాడు స్కార్, బల్లకేసి చూస్తూ.
"మేకులు గాల్వనైజ్డ్ అయి ఉండాలి.
అది తీర్మానంలో రాయాలి."
ఎవరో నవ్వారు. మేయరు గడియారం చూశాడు.
ముగ్గురు అవును, ఇద్దరు కాదు.
రాశాను. స్పెల్లింగు సరిచూసుకుని మరీ రాశాను.

అయిదు నంబర్లు గట్టెక్కాయి.
తొమ్మిదో నంబరు వెనక వరసలోనే ఉన్నాడు.
టోపీ పెట్టుకున్నాడు,
ఇనుప కుర్చీ చప్పుడు కాకుండా మడిచి
గోడకి ఆనించి, మెట్లు దిగిపోయాడు.

కారులో వెళ్తూ అతని ఇంటి ముందు వేగం తగ్గించాను.
కప్పు మీద నీలం టార్పాలిన్,
మూడు మూలల్లో ఇటుకలు.
నాలుగో మూల గాలికి లేస్తోంది, పడుతోంది.
లోపల దీపం వెలిగింది.

సమావేశం తొమ్మిది నలభైకి ముగిసింది.