మిషన్ల వీధిలో దారి అడిగితే

ఆ చెప్పులు వద్దు.
రాళ్లు నున్నగా అరిగిపోయాయి, నాలుగు వందల ఏళ్ల పాదాలు కదా,
వాన పడితే గాడిదలే జారతాయి.
కూర్చో, పర్లేదు, ఆ బెంచీ గిరాకీలది.
ఇవాళ నా గిరాకీ నువ్వే.

పటం మడిచి జేబులో పెట్టు.
హరర్ సందులు గీసినవాడెవడో
మా పిన్ని ఇంటి గోడ దాకా వచ్చి అలిసిపోయాడు.
అక్కణ్ణుంచి కాగితం తెల్లగా ఉంటుంది.
మేం ఉండేది అక్కడే.

పిల్లలు వెంటపడతారు. దారి అడిగితే
తెలీదని ఒక్కడూ అనడు, అది మా ఊళ్లో మర్యాద కాదు.
ముగ్గుర్ని అడుగు.
ఇద్దరు ఒకే వైపు చూపిస్తే అటు పో.
ముగ్గురూ ఒకే వైపు చూపించారంటే
అక్కడ వాళ్ల మేనమామ కొట్టుంది.

చిల్లర దగ్గరుంచుకో.
సంబూసాలమ్మే రుమానాకి పెద్ద నోటిచ్చావా,
చిల్లర కోసం బజారంతా తిరిగి
అందరికీ నీ కథ చెప్పి మరీ వస్తుంది.

ఫోటో కావాలంటే ముందు కళ్లతో అడుగు.
నెత్తిన కట్టెలమోపుతో ఎక్కివచ్చే ఆవిడ
తల ఊపి కాదనలేదు, మోపు జారుతుంది.
చూపు తిప్పుకుంటే కాదన్నట్టే.
ఆమె బరువు దించలేవు,
నీ చేతిలోది దించు.

టైము దగ్గర మోసపోకు.
మాకు గంటలు పొద్దు పొడుపుతో మొదలు.
రెండింటికి రమ్మంటే మీ ఎనిమిదికని.
నిరుడొక ఫ్రెంచాయన మిట్టమధ్యాహ్నం రెండింటికొచ్చి
చల్లారిన కాఫీ తాగుతూ
ఆలస్యమైందా అన్నాడు.
ఎంతో కాదు, ఆరు గంటలే అన్నాను.

దారి తప్పుతావు. తప్పాలి కూడా.
అప్పుడు మురుగునీళ్లు ఎటు పారుతున్నాయో చూసి
వాటి వెంటే దిగు, కోటగోడ తగులుతుంది.
కుడిచెయ్యి దాని మీద వేసి నడువు,
ఏదో ఒక ద్వారం రాకపోదు.
నువ్వు వచ్చినది కాకపోవచ్చు.
ద్వారం ద్వారమే.

చీకటి పడ్డాక హైనాలు లోపలికొస్తాయి.
నవ్వకు, గోడ కింద కంతలు
మా పెద్దలు వాటికనే వదిలారు.
ఎదురుపడితే పరుగెత్తకు, పక్కకి ఒదిగి దారియ్యి.
వాటికి పనుంటుంది, నీకంటే ఎక్కువ.

ఇంక నా కొట్టు గుర్తు.
ఇదివరకు తేలిగ్గా చెప్పేవాణ్ణి:
మాంసం బజారు నుంచి దిగుతూ మిషన్లు లెక్కపెట్టు,
గిర్రుమని ఒకటి, గిర్రుమని రెండు,
ఈ వీధి పేరే ఆ చప్పుడు,
ఏడోది కాస్త దగ్గుతూ నడుస్తుంది, అది ఇమాజ్‌ది,
దాని పక్కది నాది.

మొన్న వానలప్పటి నుంచి
ఇమాజ్ మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది.
వాడి కొడుకు శుక్రవారం శుక్రవారం వచ్చి
నూనె వేసి పోతాడు.
తొక్కడు.

కాబట్టి ఇప్పుడిలా గుర్తుపెట్టుకో.
ఆరు వినపడతాయి.
తర్వాత ఒక మిషనంత వెడల్పున
ఏమీ వినపడదు.
అది దాటగానే నేను.

ఇటియ్యి ఆ చొక్కా,
భుజం దగ్గర కుట్టు ఊడింది, సంచి పట్టీ పని.
ఇంత మోసుకుని ఏం చూస్తావు?
సగం సామాను ఇక్కడే వదిలి వెళ్లు.
పన్నెండింటికి కొట్టు కట్టేస్తాను.

మా పన్నెండు.