మూడో ఛార్జర్

ఒంగోలు కర్నూలు రోడ్డులో
షాజహాన్ బాషా తన కొట్లో గాజు బల్ల మీద
మూడు ఛార్జర్లు పెట్టాడు.
మేమూ ముగ్గురం.
బస్సు డబ్బులు పోను చేతిలో
రెండువేల ఏడొందలు.

మొదటిది గోడకు గుచ్చేది.
ఒక్కటే ఎర్రలైటు,
నిండినా ఆగదు, నిండకున్నా చెప్పదు.
మా బొమ్మకారుతో వచ్చింది ఇట్టాంటిదే.
ఓ రాత్రి మరిచి పడుకుంటే
తెల్లారేసరికి బ్యాటరీ
నానిన శనగగింజలా ఉబ్బింది.
ఇసక బక్కెట్లో పూడ్చి, వాకిట్లో పెట్టి
రెండు రోజులు కాపలా కాశాం.
మా పాప దానికి పేరు కూడా పెట్టింది.

రెండోది నీలం తెర, పది ఆంపియర్లు.
"ఇరవై నిమిషాల్లో నింపేసుద్దన్నా."
దానియేలు చెయ్యి అప్పుడే జేబులోకి పోయింది.

నేను మోటార్లు చుట్టేవాణ్ని.
ఇరవై రెండేళ్ళుగా రాగితీగ నాకు చెప్పేది ఒకటే,
తొందరపడ్డ చోటే కాలుద్దని.
మూడువేల బ్యాటరీకి మూడు ఆంపియర్లు చాలు,
పోసే కొద్దీ తాగుద్ది సరే,
పొట్ట ఎవరిది?

"ఆరు రోజులు రంపం కింద రాయిని
వేలు మందాన, గోరు మందాన కోస్తా.
ఆదివారం కూడా నిదానమేనా మామా?"
దానియేలుకి చెప్పే జవాబు
నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు.

మూడోది సబ్బుపెట్టె అంత.
తెర మీద గీతలు. ఎవరో నెల వాడి తిరిగిచ్చింది.
బాషా మా బ్యాటరీనే తగిలించి చూపించాడు.
లోపలి రెండు సెల్సుకీ రెండు అంకెలు,
ఒకటి నాలుగు, ఒకటి మూడూముప్పావు.
ముందున్నదాన్ని కాస్త పట్టి ఉంచి
వెనకదానికోసం చూసుద్దంట.
"మా మేస్త్రీకి చూపించాల దీన్ని" అన్నాడు దానియేలు.

అప్పటిదాకా ఊపిరి కూడదీసుకుంటా
స్టూలు మీద కూచున్న మాలకొండయ్య లేచి
ఛార్జర్‌ని తిరగేశాడు.
వెనక ఇంకో తీగ. కొసన
ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, మొసలి క్లిప్పులు.
"ఇది డంపర్ బ్యాటరీకి తగులుకుద్దా?"

చీమకుర్తి దాటాక ఆ క్వారీ మూతపడి ఏడాది.
కరెంటు పీకేశారు.
పదకొండేళ్ళు డంపర్ తోలినాయన
ఇప్పుడు ఆ డంపర్‌కే వాచ్‌మేన్.
దగ్గు వచ్చినప్పుడు రేకుల షెడ్డు కూడా దగ్గుద్ది.
ఆదివారం మేమే పోతాం.
నల్లరాతి పొడి గుట్టల మీద కారు
పావుగంట ఎగిరి, పావుగంట దొర్లి
చచ్చిపోద్ది.
మేం ఇంటికి.
ఆయన అక్కడే.

"రెండు బ్యాటరీలు కలిపి ఇరవై నాలుగు," నేనన్నాను,
"ఒకదానికే పెట్టాల. లేకుంటే ఇది మాడిపోద్ది."
"నా బండి సంగతి నాకు చెబుతున్నావా?
ఈ వారం కుడిది. పై వారం ఎడమది."
తర్వాత బాషా వైపు తిరిగి
"నిండేదానికి ఎంతసేపు?"
"గంటన్నా."
"పట్టనీ."

రెండువేల తొమ్మిదొందలకి దిగాడు, ఇంక దిగలేదు.
బస్సు డబ్బులు కూడా బల్ల మీదకే పోయినాయి.
రాళ్ళు పోర్టులో దించి వచ్చే ఖాళీ లారీ ఆపి
మాలకొండయ్య పాత దోస్తు పక్కన ఇరుక్కుని కూచున్నాం.
దారంతా దానియేలు ఆ పది ఆంపియర్ల గురించే.

ఆదివారం.
క్లిప్పులు పెట్టాను, మూడు నొక్కాను,
బుల్లి ఫ్యాను గుయ్‌మంది.
బండి ఊరికే నిలబడితే బ్యాటరీ దిగుద్దని
మాలకొండయ్య ముక్కుకి తువ్వాలు చుట్టి
ఇనప మెట్లు పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి,
పైకెక్కాడు.

తాళం తిప్పాడు.
ఒకసారి. రెండోసారి.
మూడోసారికి గుట్ట మీద పావురాలు లేచిపోయాయి.
నల్లపొగ, నేల అదురు,
ముప్పై ఐదు టన్నులు మోసిన ఇంజిను
మా అరచెయ్యంత బ్యాటరీ కోసం తిరుగుతా ఉంది.
ఆయన పైన
స్టీరింగు మీద రెండు చేతులూ వేసి
ఎదుటి అద్దం తుడుచుకుంటున్నాడు.